ఒడ్డున గజ ఈతగాళ్ళు

ముఖ్య అతిథిగారు నీళ్ళంటే తనకెంత ప్రాణమో 40 నిమిషాలసేపు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో సీసా నీళ్ళు, వెనకాల కొలను నీళ్ళు. వెనకాల నీళ్ళవైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. తిరిగితే ఫొటోలో వీపు పడుతుందని కెమెరా అబ్బాయి ముందే హెచ్చరించాడు.

మా ఊరికి 18 కిలోమీటర్ల దూరంలో పట్నం, పట్నంలో క్లబ్బు, క్లబ్బులో నీలం పలకలు పరిచిన ఈతకొలను. మార్చి నెల మూడో ఆదివారం దాని గట్టు మీద 'చిన్నారులకు ఉచిత ఈత, జలభద్రత, వెల్‌నెస్ మహాశిబిరం' జరిగింది. రిటైరైన పంతుల్ని, పిల్లల్ని లెక్కపెట్టడంలో చెయ్యి తిరిగినవాణ్ణి కాబట్టి బడివాళ్ళు నన్ను తోడు రమ్మన్నారు. బస్సెక్కేటప్పుడు 62 మంది. దిగేటప్పుడూ 62 మందే. ఫ్లెక్సీ మీద మాత్రం 'వెయ్యిమంది చిన్నారులకు జలరక్ష' అని ఉంది. మిగతా 938 మంది ఏరని అడగబోయి ఊరుకున్నాను. ఫ్లెక్సీ ముందురోజు రాత్రి అచ్చవుతుంది, పిల్లలు మర్నాడు పొద్దున వస్తారు. ఎవరి తొందర వాళ్ళది.

దిగీ దిగగానే తెల్ల టీషర్టులు పంచారు. గుండె మీద దాతగారి కంపెనీ ముద్ర, వీపు మీద దాతగారి తండ్రిగారి బొమ్మ. 'ఫొటోలయ్యేదాకా తడిపారంటే ఊరుకోం' అన్నారు. ఈత శిబిరంలో మొదటి పాఠం అదన్నమాట, తడవకుండా ఉండటం. జ్యోతి ప్రజ్వలన కొలను గట్టునే పెట్టారు. గాలికి నాలుగుసార్లు ఆరింది. శాలువాలు పదకొండు కప్పారు. పన్నెండోది ఎవరికో అర్థంకాక కోచ్‌కి కప్పబోతే, ఆయన ఈత చెడ్డీలో ఉన్నాడని వెనక్కి తీసుకున్నారు.

తర్వాత వెల్‌నెస్. ఈ మాటకు అర్థం నాకు చాలాకాలం చిక్కలేదు. ఆరోజు చిక్కింది. చెప్పడానికేమీ లేకపోయినా మైకు ఇంకా పనిచేస్తూంటే, ఆ సమయాన్ని వెల్‌నెస్ అంటారు. ఒక మేడమ్‌గారు పిల్లల్ని కళ్ళు మూసుకోమని, కెరటాల మీద హాయిగా తేలుతున్నట్టు ఊహించుకోమన్నారు. పొద్దున్నే ఖాళీ కడుపులతో బస్సెక్కినవాళ్ళు. ఎవరి ఊహలో ఏ ఇడ్లీ తేలిందో. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగాలని కూడా చెప్పారు. మా బడి కుళాయి దసరా నుంచి పనిచేయడం లేదని ఓ పిల్ల లేచి చెప్పబోయింది గానీ, చప్పట్లలో వినపడలేదు.

ఆ తర్వాత నీళ్ళు. వచ్చినవాళ్ళలో ఆడపిల్లలు 27 మంది. వాళ్ళకు నేర్పే ఆడమనిషి లేదు కాబట్టి గట్టున వరసగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టే పని అప్పగించారు. మగపిల్లలు 35 మందీ రెండు జట్లుగా నడుములోతు నీళ్ళలోకి దిగారు. జట్టుకు ఎనిమిది నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ముఖ్య అతిథిగారి ఉపన్యాసంలో ఇలాంటి జట్లు ఐదు పడతాయి. చివర్లో 62 మందికీ 'జలవీర' సర్టిఫికెట్లు ఇచ్చారు, చప్పట్లు కొట్టిన 27 మందితో సహా.

కోచ్ మాత్రం మంచివాడు. 'ఎవరికైనా అనుమానాలున్నాయా?' అని నిజంగానే అడిగాడు. ఏడో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, ఇక్కడ అడుగు కనబడతంది. మా గుంటలో కనబడదు. కాలు పెడితే బురద లాగేస్తది. అక్కడ ఎట్టా?" కోచ్ నిర్వాహకుడి వైపు చూశాడు. నిర్వాహకుడు దాతగారి వైపు చూశాడు. దాతగారు నీళ్ళు నమిలారు. ఆ రోజంతా ఆ వేదిక మీద నీళ్ళతో జరిగిన పని అదొక్కటే.

ఆ గుంట సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కాలనీ వెనకాల ఉంది. రెండేళ్ళ క్రితం దాకా అది పశువులు మేసే బీడు. ఏదో వెంచర్‌కి మట్టి కావాలని రాత్రిళ్ళు పొక్లెయిన్లు దిగాయి, తెల్లవార్లూ టిప్పర్లు తిరిగాయి. తర్వాత వానలు పడ్డాయి. చెరువుకి ఒక మర్యాద ఉంటుంది. చీలమండ, మోకాలు, నడుము, పీక అని వరసగా చెప్పి మరీ లోతవుతుంది. యంత్రం తవ్విన గుంటకి ఆ మర్యాద తెలియదు. ఒక అడుగు మడమ లోతు, రెండో అడుగు రెండు నిలువులు. ఒడ్డు గోడలా నిటారుగా ఉంటుంది. తడిసిన బంకమట్టి పట్టుకుంటే చేతిలోకి వస్తుంది తప్ప పట్టు ఇవ్వదు. పొలాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలదీ ఇదే వరస. పెద్దవాడే జారితే పైకి రాలేడు, పిల్లల మాట చెప్పేదేముంది.

మట్టి తోలిన టిప్పర్ల మీద ఏ పేరుందో, శిబిరం ఫ్లెక్సీ మీదా అదే పేరు. అక్షరాల రంగైనా మార్చలేదు. దాంట్లో తప్పేముంది? చేసినవాడే చేతులు కడుక్కోవాలి, నీళ్ళున్నచోట కడుక్కున్నాడు.

మన దేశంలో దయకి చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్. ఓ స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఖాతా మార్చి 31న మూస్తారు. కాబట్టి మన దాతల గుండె ఏటా మార్చిలో కరుగుతుంది. పిల్లలు మునగడం మొదలయ్యేది ఏప్రిల్ చివర, బడులకు సెలవులిచ్చాక. ఈ నెల తేడా ఎవరి కంటా పడదు. లెక్కల కాగితంలో 'లబ్ధిదారుల సంఖ్య' అని ఒక గడి ఉంటుంది గానీ, 'వీళ్ళలో ఈదగలిగేవాళ్ళు ఎందరు' అన్న గడి నేనెక్కడా చూడలేదు. ఆ గడి పెట్టిన రోజున శిబిరాలు సగం ఎండిపోతాయి.

ఆ 2 శాతం సంగతి సరే, మిగతా 98 శాతం ఎలా సంపాదించారన్న గడీ లేదు. అది నా పరిధి కాదనుకోండి.

మే నెల రాగానే పత్రికలు అందుకుంటాయి. 'ప్రాణం తీసిన ఈత సరదా.' 'సరదా విషాదమైంది.' 'సెలవుల సరదా నలుగుర్ని బలిగొంది.' హోలీ మర్నాడు ఒకసారి, నిమజ్జనం మర్నాడు ఒకసారి, వేసవిలో వారం వారం. ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను, హంతకుడు ప్రతిసారీ సరదాయే. ఆ సరదా ఎవడో పట్టుబడితే తప్ప ఈ దేశంలో పిల్లలు బతకరు. గుంట ఎవరు తవ్వారు, ఎందుకు పూడ్చలేదు, కాలువ మెట్ల దగ్గర పట్టుకోవడానికి గొలుసు ఎందుకు లేదు అన్నవి వార్తలో రావు. ఆఖరి వాక్యం మాత్రం తప్పకుండా వస్తుంది: పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. ఒకప్పుడు సీఆర్‌పీసీ 174 కింద రాసుకునేవారు, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద రాసుకుంటున్నారు. సెక్షన్ మారింది, గుంట మారలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో నీటమునిగి పోయినవాళ్ళు 38 వేలకు పైనే. ఆ లెక్కలో మూడు గదులుంటాయి: పడవ బోల్తా, నీళ్ళలో జారిపడటం, ఇతరత్రా. తవ్వి వదిలేసిన గుంటకి గది లేదు. జారినవాడిదే తప్పు. జారేటట్టు తవ్వినవాడు 'ఇతరత్రా'లోకి కూడా రాడు.

ఇంకో చిత్రం. వార్తలో ఎప్పుడూ ఒక్కరుండరు, ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకడు జారతాడు, వాణ్ణి లాగబోయి రెండోవాడు, ఇద్దరినీ చూసి మూడోవాడు. చెయ్యి ఇవ్వకూడదు, చేతికందేది విసరాలి అన్న ఒక్క ముక్క తెలిసుంటే ఆ వార్తలో అంకె తగ్గేది. మునిగేవాడు సినిమాలోలాగా చేతులూపి 'రక్షించండి' అని అరవడని, అరవడానికి ఊపిరి ఉండదని, చప్పుడు లేకుండా నిమిషంలో అయిపోతుందని తెలిసుంటే గట్టున బట్టలుతికే తల్లి ఇంకోసారి తలెత్తి చూసేది. ఇవి చెప్పడానికి కొలను అక్కర్లేదు, శాలువా అసలే అక్కర్లేదు. అందుకే ఎవరూ చెప్పరు.

తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర 2020 ఆగస్టులో కుర్రాళ్ళు మునిగిపోతుంటే, అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళు ఒంటిమీది చీరలు విప్పి ముడేసి విసిరారు. ఇద్దరు బతికారు. వాళ్ళకి జలభద్రత మీద ఎవరూ స్లైడ్లు వేసి చూపించలేదు. ఇటు మనవైపు వాట్సప్ విశ్వవిద్యాలయం, మునిగి చనిపోయినవాణ్ణి ఉప్పులో పాతిపెడితే లేచి కూర్చుంటాడని చదువు చెబుతోంది. 2022లో బళ్ళారి జిల్లాలో ఓ తల్లీతండ్రీ ఆ మాట నమ్మి బిడ్డ శవాన్ని గంటల తరబడి ఉప్పుతో కప్పి కూర్చున్నారు. మన ఊళ్ళలో ఇప్పటికీ మునిగినవాణ్ణి పైకి తీస్తే కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పుతారు, లేదా బోర్లా పడేసి పొట్ట నొక్కుతారు. ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలిరా అని చెప్పేవాడుండడు. అంబులెన్సు వచ్చేలోగా చేయగలిగిందల్లా అదే.

పేదరికం అడ్డమని అనకండి. మన పక్కనే బంగ్లాదేశ్ ఉంది. అడుగు తీసి అడుగేస్తే నీళ్ళు, ఇంటింటికీ పెరట్లో చెరువు. వాళ్ళ దగ్గర నీలం పలకలు లేవు, అంచేత ఊరి చెరువులోనే వెదురుతో చట్రం కట్టారు. మధ్యలో మెట్టుమెట్టుగా అరుగు, నాలుగువైపులా దడి. పిల్లవాడికి నిలబడే చోటుంటుంది, దాటి పోయే వీలుండదు. 'స్విమ్‌సేఫ్' అన్నారు దాన్ని. నేర్పేవాళ్ళు ఆ ఊరి కుర్రాళ్ళే, ఆడపిల్లలకు ఆడవాళ్ళే. ఒక్కరి దగ్గర ఒకేసారి నలుగురైదుగురికి మించి పిల్లలుండరు. ఇరవై దాకా పాఠాలు. ఆఖర్న పరీక్ష: 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, గట్టున నిలబడి మునిగేవాడికి కర్రో తాడో అందించడం రావాలి. వస్తేనే ప్యాసు. చప్పట్లు కొట్టినవాళ్ళకు ఏమీ ఇవ్వరు.

ఏడాది నుంచి ఐదేళ్ళలోపు పసివాళ్ళకి ఈత ఎలాగూ రాదు. వాళ్ళు మునిగేది ఎక్కువగా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య, తల్లి వంటపనిలోనో పొలంపనిలోనో ఉన్నప్పుడు. ఆ నాలుగు గంటలూ ఊళ్ళో ఒకావిడ ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆడిస్తుంది. అంతే. దానికి 'ఆంచల్' అని పేరు, బెంగాలీలో చీర చెంగు. పరిశోధకులు లెక్కేసి చూస్తే ఇలా చెంగుచాటున ఉన్న పిల్లల్లో మునిగి చావడం 80 శాతానికి పైగా తగ్గింది. ఈత నేర్చిన పెద్దపిల్లల్లో 90 శాతానికి పైగా తగ్గింది. 2022లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి కేంద్రాలు 8,000 పెట్టడానికి ఒప్పుకుంది. జులై 25ని ప్రపంచ మునక నివారణ దినంగా 2021లో ఐక్యరాజ్యసమితి చేత ఒప్పించిన దేశాల్లో మొదట నిలిచిందీ బంగ్లాదేశే. ఆ రోజు మనవాళ్ళు కూడా చేస్తున్నారు లెండి, ఫ్లెక్సీలు కట్టి.

మనకి అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. ఇల్లుంది, ఆయా ఉంది. మూడేళ్ళు నిండని పాకే పిల్లల్ని కూడా ఆ నాలుగు గంటలు కూర్చోబెట్టుకోవడానికి ఇంకో మనిషి జీతం కావాలి. జీతానికి రిబ్బను కత్తిరించలేం.

మా కాలంలో ఈత ఎవరూ దానం చేయలేదు. నడుముకి మునగబెండు కట్టో, ఎండిన సొరకాయ బుర్ర కట్టో, మేనమామ మోటబావిలోకి తోసేవాడు. రోజుకో బెండుముక్క కోసేసేవాడు. నెల తిరిగేసరికి బెండు ఉండేది కాదు, మనం ఉండేవాళ్ళం. ఆ రోజులు బంగారమని నేననను. ఆ బావులూ పిల్లల్ని మింగాయి, మా అక్కచెల్లెళ్ళలో ఒక్కరికీ ఈత రాలేదు, కోమటోళ్ళ బావిలో మాలమాదిగల పిల్లల్ని దిగనిచ్చేవారూ కాదు. కానీ మామయ్యకి ఒక సంగతి తెలుసు, ఏ నీళ్ళలో పడతామో ఆ నీళ్ళలోనే నేర్పాలి. నెదర్లాండ్స్‌లో పిల్లలకి మొదటి ఈత పరీక్ష బట్టలతోనే పెడతారట. ఎందుకంటే కాలువలో పడేవాడు చెడ్డీ మార్చుకుని పడడు. మామయ్య ఆ దేశం పేరు కూడా విని ఉండడు.

జపాన్‌లో 1955 మేలో పొగమంచులో 'షియున్ మారు' అనే పడవ మునిగి 168 మంది పోయారు. ఎక్కువమంది విహారయాత్రకి బయల్దేరిన బడిపిల్లలు. ఆ దేశం బడుల్లో కొలనులు కట్టి ఈతని పాఠంగా పెట్టింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ ఆనకట్ట నుంచి సరైన హెచ్చరిక లేకుండా నీళ్ళొదిలితే, బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వరదలో ఈత వచ్చినా లాభం లేదు, వినబడేట్టు సైరన్ మోగాల్సింది. మనం కొవ్వొత్తులు వెలిగించాం.

శిబిరం నిర్వాహకుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఏప్రిల్లో వాడి ఆఫీసుకి వెళ్ళాను. కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చాడు.

"ఒరే, ఆ గుంటకి కంచె వేయించరా. పాత చెరువులో వెదురు దడి కట్టించు, నేర్పడానికి మన ఊరి కుర్రాళ్ళని నేను పోగేస్తా. మీ శిబిరంలో టీషర్టులకైన ఖర్చు చాలు."

"మీ మాట కాదనను మాస్టారూ. కానీ వెదురు మీద లోగో ఎక్కడ వేస్తాం చెప్పండి?"

"లోగో లేకపోతే ఏమవుతుందిరా?"

"పైవాళ్ళకి ఫొటోలు పంపాలి కదండీ. మునిగినవాడికి చెక్కు ఇస్తే ఫొటో వస్తుంది. ఈత కొడుతుంటే ఫొటో వస్తుంది. మునగకుండా ఇంటికెళ్ళి అన్నం తినే పిల్లాణ్ణి ఏమని తీస్తాం మాస్టారూ? వాడు మామూలు పిల్లాడిలాగే ఉంటాడు."

నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడే నాకింత చక్కగా పాఠం చెబుతాడనుకోలేదు. వచ్చే ఏడు శిబిరం ఇంకా పెద్దదట. ఈసారి 'ఆక్వా జుంబా' కూడా పెడుతున్నారట. ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఏమైనా చేయమన్నాను. గొడుగులు ఇస్తామన్నాడు, గట్టున ఎండగా ఉంటోందని.

మొన్న సాయంత్రం కాలనీ వైపు నడిచాను. గుంట ఒడ్డున, పిల్లలు దిగే చోట, రెండు సరుగుడు బాదులు పాతి అడ్డంగా ఏదో కట్టి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే మన శిబిరం ఫ్లెక్సీయే. బస్సు పైన కట్టి తెచ్చారు, తిరిగొచ్చాక ఎవరో విప్పుకున్నారు. ఇరవై అడుగుల పొడవు. కింద అంచుకి ఇటుకలు పెట్టి ఎగరకుండా బిగించారు. ఆ గుంట చుట్టూ ఇప్పటిదాకా ఎవరైనా వేసిన కంచె ఇదొక్కటే. కాకపోతే రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్ళకి వెనక తెలుపే కనిపిస్తోంది. దాతగారి నవ్వు, ముఖ్య అతిథిగారి నమస్కారం, 'జలరక్ష' అక్షరాలు అన్నీ గుంటవైపు తిరిగి నీళ్ళలో తలకిందులుగా కనబడుతున్నాయి.

మేకల్ని తోలుకెళ్తున్న ఒకావిడ ఆగింది.

"బొమ్మ ఇటేపు తిప్పి కట్టొచ్చుగా అమ్మా, దారినపోయేవాళ్ళకి కనబడేది," అన్నాను.

"ముందు అట్టాగే కట్టాం మాస్టారూ," అంది. "రంగుల బొమ్మ చూసి పిల్లకాయలు దగ్గరికి పోతన్నారని అటు తిప్పేశాం."